వెలుగు పాఠం చెప్పేముందు

అమ్మడూ,

ఆరో తరగతికి కాంతి పాఠం ఎలా మొదలుపెట్టను పెదనాన్నా అని అడిగావు కదా. పాఠం చిన్నదే, కానీ పిల్లలు బుద్ధిగా తలూపేసి ఏమీ ఎక్కకుండా బయటికెళ్ళిపోయే పాఠాల్లో ఇదొకటి, ఎందుకంటే సూర్యుడిది సొంత వెలుగు, చంద్రుడిది అరువు వెలుగు అనే ముక్క వాళ్ళకి ఎప్పుడో నోటికొచ్చేసి ఉంటుంది. ఆ ముక్క గడగడా చెప్పిన పిల్లాడినే పట్టుకుని, మరి ఈ గోడ నీకెలా కనిపిస్తోందిరా అని అడుగు. గోడ ఎదురుగా ఉంది, నేను చూస్తున్నాను, అంతే అంటాడు. గోడ మీద నుంచి వెలుగు బయల్దేరి తన కంట్లోకి వస్తోందన్న ఊహే వాడికి ఉండదు. అందుకే సూర్యచంద్రుల్ని కాసేపు పక్కన పెట్టి గోడతో మొదలుపెట్టమంటాను.

అలా అన్నాడని వాణ్ణి చులకన చెయ్యకు. కంట్లోంచే కిరణాలు వెళ్ళి వస్తువుని తాకుతాయని ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ అంతటివాడే అనుకున్నాడు. కాదు, వెలుగే వస్తువు నుంచి కంట్లోకి వస్తుందని పదకొండో శతాబ్దం మొదట్లో ఇబ్న్ అల్ హైతమ్ అనే అరబ్ శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి మరీ వాదించాల్సి వచ్చింది. ఈ మాట పిల్లలకీ చెప్పు, తప్పు జవాబు చెప్పినవాడికి కాస్త ధైర్యం వస్తుంది.

తర్వాత అద్దం ప్రయోగం. ఇది మాత్రం మానకు, టైమ్ చాలకపోతే ఇంకేదైనా తీసెయ్. గది బాగా చీకటి చేసి, బల్ల మీద తెల్ల కాగితం పరిచి, దాని మధ్యలో చిన్న అద్దం వెల్లకిలా పెట్టు. టార్చి వేసేముందే అడుగు, ఏది ఎక్కువ వెలుగుతుంది అని. క్లాసంతా అద్దమే అంటుంది. ఇప్పుడు ఒక పక్క నుంచి ఏటవాలుగా టార్చి వెయ్యి. కాగితం తెల్లగా మెరుస్తుంటుంది, అద్దం ఉన్నచోట మాత్రం నల్లటి గుంటలా కనిపిస్తుంది, గోడ మీదో పైకప్పు మీదో ఎక్కడో వెలుగు మచ్చ పడి ఉంటుంది. అద్దం తన మీద పడ్డ వెలుగునంతా ఒకే దిక్కుకి పంపేసింది, ఆ దారిలో ఎవరి కన్నూ లేదు. కాగితం అన్ని దిక్కులకీ వెదజల్లింది కాబట్టి గదిలో ఏ మూల నుంచున్నవాడికైనా కనబడుతోంది. ఒకణ్ణి గోడ మీద మచ్చ పడ్డచోట తల పెట్టి అద్దంలోకి చూడమను, కళ్ళు జిగేల్‌మని కెవ్వుమంటాడు (టార్చి చిన్నదే వాడు, లేజర్ లైటు క్లాసులోకి రానివ్వకు).

ఇది చూశాక చంద్రుడి సంగతి తేలిగ్గా ఎక్కుతుంది. చంద్రుడు నున్నటి అద్దంలాంటి బంతి అయ్యుంటే మనకి అందులో సూర్యుడి ప్రతిబింబం ఒక్క చుక్కలా కనబడేది. నేలంతా దుమ్ము, గరుకు కాబట్టే బింబం మొత్తం వెలుగుతోంది. ఆ నేల నిజానికి బాగా నల్లగా ఉంటుంది, మీద పడ్డ వెలుగులో సుమారు 12 శాతమే తిప్పి పంపుతుంది. చుట్టూ ఆకాశం నల్లగా ఉండబట్టి మనకి తెల్లగా అనిపిస్తుంది, అంతే. పున్నమి చంద్రుడి కన్నా సూర్యుడు దాదాపు 4 లక్షల రెట్లు ప్రకాశవంతం అని చెప్పి చూడు, నోరెళ్ళబెడతారు.

ఇక సొంతంగా వెలిగేవి. ఇక్కడ చాలామంది టీచర్లు వేడిగా ఉన్నవే వెలుగిస్తాయని చెప్పేసి ఊరుకుంటారు, నువ్వలా చెప్పకు. వేడి ఒక దారి మాత్రమే. ఇనుమైనా ఇంకేదైనా సుమారు 525 డిగ్రీల సెల్సియస్ దగ్గర మసక ఎరుపుగా కనబడటం మొదలవుతుంది, ఇంకా కాలిస్తే నారింజ, పసుపు, తెలుపు. మిణుగురుకి ఆ వేడి అక్కర్లేదు, దాని ఒంట్లో లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసినప్పుడు వెలుగొస్తుంది. ఎల్‌ఈడీలో ఎలక్ట్రాన్లు ఎక్కువ శక్తి నుంచి తక్కువ శక్తికి దిగుతూ వెలుగునిస్తాయి. ఈ వివరాలన్నీ ఆరో తరగతికి అక్కర్లేదనుకో. వాళ్ళకి ఒక్క ప్రశ్న అలవాటు చెయ్యి: ఇది వెలగడానికి దేన్ని ఖర్చు పెడుతోంది? దీపం నూనెని, టార్చి బ్యాటరీని, మిణుగురు తిన్న తిండిని. సూర్యుడు కూడా ఖర్చు పెడుతున్నాడు, హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు సెకనుకి 40 లక్షల టన్నులకి పైగా పదార్థం శక్తిగా మారిపోతోంది. అద్దం గానీ, చంద్రుడు గానీ, వజ్రం గానీ ఏమీ ఖర్చు పెట్టవు, పడ్డదాన్ని పంపిస్తాయి.

అప్పుడు మొదలవుతాయి గడుగ్గాయిల ప్రశ్నలు. పిల్లి కళ్ళు? వాటి కంట్లో వెనక ఒక పొర ఉండి లోపలికొచ్చిన వెలుగుని తిప్పి కొడుతుంది, పూర్తి చీకట్లో అవీ కనబడవు. శుక్రుడు అంత మెరుస్తాడేం? మబ్బులు కమ్మి ఉండి, పడ్డ వెలుగులో ముప్పావు వంతు దాకా వెనక్కి పంపుతాడు కాబట్టి. చీకట్లో ఆకుపచ్చగా మెరిసే స్టిక్కర్లు తెచ్చేవాడు క్లాసుకొకడు ఉంటాడు, దాంతో మాత్రం జాగ్రత్త, పరావర్తనం (పడ్డ వెలుగుని తిప్పి పంపడం) అని తోసెయ్యకు. అది పగలు వెలుగుని మింగి, దాచుకుని, తర్వాత మెల్లగా తన వెలుగుగా వదులుతుంది. రెండ్రోజులు డబ్బాలో మూతపెట్టి ఉంచి, చీకటి గదిలో తెరిచి చూడమను, దాచుకున్నది అయిపోయి ఉంటుంది.

మన ఒళ్ళు వెలుగిస్తుందా అని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. లేదని చెప్పకు. పరారుణ కిరణాలు వస్తూనే ఉంటాయి, కంటికి కనబడవు, థర్మల్ కెమెరాకి కనబడతాయి. అందుకని బోర్డు మీద సొంతంగా వెలిగేవాటి నిర్వచనం రాసేటప్పుడే "కంటికి కనిపించే వెలుగు" అని రాసేస్తే పై క్లాసులో దాన్ని చెరపాల్సిన పని రాదు.

పరీక్షలో మాత్రం సూర్యుడు, చంద్రుడు, కొవ్వొత్తి, అద్దం అనే పాత లిస్టు ఇవ్వకు, బట్టీ పట్టిన పిల్లకీ అర్థమైన పిల్లకీ ఒకే మార్కులొస్తాయి. ఆపేసిన టీవీ, నడుస్తున్న టీవీ రెండూ ఇచ్చి ఏది సొంతంగా వెలిగేది, ఏది పడ్డ వెలుగుని పంపేది, కారణంతో రాయమను. పేపర్ తయారయ్యాక నాకో కాపీ పంపు, చూసి పెడతాను.

నీ పెదనాన్న