ఇసుక బొమ్మను ఒకసారి వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: ఇక్కడ చాండ్లర్‌లో మా వీధిలోనే ఒక ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంట్లోని సామాన్లన్నీ అమ్మేసే చోట) 15 డాలర్లకు ఇసుక బొమ్మ ఒకటి కొన్నాను. చదరపు చెక్క మీద రంగు ఇసుకతో వేసిన చిత్రం, పొడవూ వెడల్పూ ఒక్కో అడుగు. మధ్యలో స్వస్తిక్‌లా నల్లటి దుంగలు, ఒక్కో కొసన ఇద్దరేసి మనుషులు, మూడు పక్కలా వంగిన సన్నటి పొడవాటి ఆకారం. వెనక బాల్‌పెన్‌తో ఒక పేరు, కింద ఇక్కడి ఆదివాసుల్లో ఒక జాతి పేరు 'నవహో' అని ఉంది. ఇది అసలుదేనా? ఎంత చేస్తుంది? స్వస్తిక్ ఉంది కాబట్టి దేవుడి గదిలో పెడదామంటున్నారు మా అత్తయ్యగారు. దుమ్ము పట్టింది, తడిబట్టతో తుడవొచ్చా?
– ఒక పాఠకురాలు, చాండ్లర్, అరిజోనా

జవాబు: ముందు చివరి ప్రశ్న సంగతి చూద్దాం. తడిబట్ట అసలు వాడకండి. చెక్క మీద నీళ్లు కలిపిన తెల్ల జిగురు రాసి, అది ఆరేలోపు దాని మీద ఇసుక వదులుతారు. తడి తగిలితే ఆ జిగురు మెత్తబడుతుంది. న్యూమెక్సికోకి వచ్చిన కొత్తలో నేను కొన్న మొదటి బొమ్మను అలాగే తుడిచాను. ఒక దేవత తల మీది రెండు ఈకలు బట్టకు అంటుకుని వచ్చేశాయి. ఆ ఖాళీ చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధేస్తుంది. బొమ్మను నిలబెట్టి, మేకప్‌కి వాడే మెత్తటి పొడి బ్రష్‌తో పైనుంచి కిందికి నెమ్మదిగా దులపండి, అంతే.

ఇక అసలుదా కాదా అన్నది. మంచి వెలుగులో భూతద్దం పెట్టి గీతల్ని చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ఇసుక జారవిడుస్తూ గీస్తారు, మనం ముగ్గు వేసినట్టే. అందుకే చేత్తో వేసిన గీత కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, ఒకచోట సన్నగా, మరోచోట లావుగా సాగుతుంది. ఎనిమిది మంది మనుషులూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండి, రంగు కింద నున్నటి ప్రింటు కనిపిస్తే అది యంత్రం పని. రంగులు కూడా చూడండి. ఎర్ర ఇసుకరాయి, తెల్ల జిప్సం, పసుపు మట్టి, బొగ్గు – వీటి పొడుల్లో మెరుపు ఉండదు. ఊదా, చిలకాకుపచ్చ లాంటివి ఉంటే రంగు వేసిన ఇసుక వాడారన్నమాట. అంతమాత్రాన నకిలీ అనుకోకండి, నవహో కళాకారులు కూడా అది వాడతారు. మీరు చెప్పిన చెక్క, వెనక చేతిరాత సంతకం, జాతి పేరు చూస్తే, అమ్మకానికని నవహోలు చేసిన బొమ్మే అనిపిస్తోంది.

బొమ్మ పేరు 'విర్లింగ్ లాగ్స్', అంటే సుడి తిరిగే దుంగలు. ఒక వీరుడు తొలిచిన దుంగలో కూర్చుని శాన్ వాన్ నదిలో ప్రయాణించి, సుడి తిరిగే నీళ్ల దగ్గర, మీ బొమ్మలో మనుషుల్లా కనిపించే ఈ దేవతల్ని చూసి, వాళ్ల దగ్గర వ్యవసాయం నేర్చుకుని వచ్చాడని వాళ్ల కథ. దుంగల సందుల్లో నాలుగు మొక్కలు కనిపిస్తున్నాయా? మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, పొగాకు. చుట్టూ ఉన్న పొడవాటి ఆకారం కాపలా కాసే ఇంద్రధనుస్సు. తెరిచి ఉన్న పక్క తూర్పు. నాజీల వల్ల ఈ గుర్తుకు చెడ్డపేరు రావడంతో, 1940లో నవహోలూ మరికొన్ని జాతుల వాళ్లూ ఇకపై దీన్ని తమ చేతిపనుల్లో వాడబోమని సంతకాలు చేశారు. ఆ తర్వాత మెల్లగా మళ్లీ వచ్చింది.

అత్తయ్యగారికి ఇలా చెప్పి చూడండి. వ్రతానికి బియ్యప్పిండితో అష్టదళ పద్మం వేసి, కలశం పెట్టి, ఉద్వాసన చెప్పాక ముగ్గు తీసేస్తాం కదా. నవహోలదీ దాదాపు అదే పద్ధతి. హతాలీ అనే పెద్ద, జబ్బు చేసిన మనిషి కోసం హోగన్ అనే ఇంట్లో నేల మీద బొమ్మ వేయిస్తాడు. రోగిని దాని మీద కూర్చోబెట్టి, ఆ ఇసుకను ఒంటికి రాస్తారు. ఆ రోజే మొత్తం ఊడ్చి తీసేస్తారు. దేవతలు వచ్చి వెళ్లే చోటు అది, ఉంచేయకూడదు. హోస్టీన్ క్లా అనే హతాలీ 1919 ప్రాంతంలో ఈ బొమ్మల్ని తివాచీల మీద నేసినప్పుడు సొంత మనుషులే అరిష్టమని భయపడ్డారు. అందుకే అమ్మకానికి చేసే బొమ్మల్లో కావాలనే ఒక రంగో వివరమో మారుస్తారు, దేవతలను పిలిచినట్టు కాకుండా. పిలవకుండా చేసిన బొమ్మకు మనం హారతి ఇవ్వడం నాకు సరిగా అనిపించదు. పైగా దీపం మసి, కుంకుమ ఇసుకలో పడితే మళ్లీ పోవు. ఎండ పడని హాలు గోడకు తగిలించండి.

ధర అంటారా, పేరున్న కళాకారుల పెద్ద బొమ్మలు వందలు, వేల డాలర్లు పలుకుతాయి. మీ సైజులో, అంతగా పేరు తెలియనివారివి చాలావరకు కొన్ని పదుల డాలర్లే. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు అడిగే ధర కాకుండా, నిజంగా అమ్ముడుపోయిన ధర చూడండి. వెనక ఉన్న పేరుతో కూడా వెతకండి. డబ్బులిచ్చి విలువ కట్టించారంటే ఆ ఫీజే బొమ్మ ధరను మించిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయితో గ్రాండ్ కేన్యన్ చూడటానికి వెళ్లినప్పుడు నాలుగంగుళాల ఇసుక బొమ్మ కొన్నాను. పక్కపక్కనే ఇద్దరు, ఒకరి ఒంటి మీద చుక్కలు. వెనక 'నవహో స్టైల్' అని స్టిక్కర్ ఉంది. అసలుదేనా?
– ఒక రిటైర్డ్ టీచర్, విజయవాడ

జవాబు: మాస్టారూ, ఆ ఇద్దరూ ఆకాశ తండ్రి, భూమి తల్లి. ఆయన ఒంటి మీద నక్షత్రాలు, ఆమె ఒంటి మీద మొక్కలు ఉంటాయి. బొమ్మ ముచ్చటైనదే, కానీ ఆ 'స్టైల్' అనే మాట దగ్గరే అనుమానించాలి. స్థానిక జాతుల వాళ్లు చేయని వస్తువును వాళ్ల పని అని అమ్మడం అమెరికాలో 1990 చట్టం ప్రకారం నేరం. వ్యక్తికి మొదటిసారే 2,50,000 డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. అందుకే నవహోలు చేయనివాటి మీద 'స్టైల్' అని రాస్తారు. ఈసారి మీ అబ్బాయి కొనేటప్పుడు, చేసినవాళ్ల పేరు, జాతి రసీదు మీద రాసిమ్మని అడగమనండి. నిజంగా వాళ్ల దగ్గర కొని అమ్మే షాపువాళ్లు వెంటనే రాసిస్తారు.