పౌచ్‌లో తప్పు సరే, ‘ఓకే’ ఎవరు పెట్టారు?

ప్రశ్న: హనుమకొండలో ఇంట్లోనే సకినాలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. మా లోగోతో 1000 పౌచ్‌లు ప్రింట్ చేయిస్తే 250 గ్రాములకు బదులు 500 అని పడింది. పుస్తెలతాడు కుదువపెట్టి కట్టిన 18,000 పోయె, సంక్రాంతి బేరమూ పోయె. ప్రింటర్ 19 నెలలుగా తిప్పుతున్నాడు. స్టిక్కర్లు వేసి వాడుకోనా? డబ్బు వస్తుందా?

జవాబు: పుస్తెలతాడు కథ కేసుకు అక్కరకు రాదు. మీ మూడు పేజీల ఉత్తరంలో తేల్చే మాట ఒక్కటే, అదీ చివర్లో రాశారు: ‘వాట్సాప్‌లో డిజైన్ పంపితే ఓకే పెట్టాను.’ అందులో 250 ఉండి పౌచ్‌ మీద 500 పడితే తప్పు ప్రింటర్‌ది. డిజైన్‌లోనే 500 ఉంటే మీది, నోటీసు ఖర్చు కూడా దండగ. పిండి చేత్తో ఫోన్ చూసి ఓకే కొడితే ఇట్లాగే ఉంటుంది. ఆ బొమ్మ తెరిచి, వేళ్లతో పెద్దది చేసి చూడండి.

250 ఉందనుకుందాం. సరుకు వచ్చాక సహేతుకమైన సమయంలో వద్దనకుండా ఉంచుకుంటే ఒప్పుకున్నట్టేనంటుంది 1930 నాటి వస్తు విక్రయ చట్టం, 42వ సెక్షన్. అతని వకీలు పట్టుకునేది దాన్నే. మీ ఫోన్ కాల్స్‌లో ఏం మాట్లాడారో రుజువు లేదు. సరుకు వచ్చిన వారంలోనే అతను పంపిన వాయిస్ మెసేజ్ ఉంది చూడండి, ‘చూద్దామక్కా, వచ్చే ఆర్డర్‌లో సర్దుతా’ అని, మిమ్మల్ని నిలబెట్టేది అదే. దానివల్ల గడువు పెరుగుతుందని మాత్రం అనుకోకండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్లు; మీకు మిగిలింది 5 నెలలు.

స్టిక్కర్ మాట మరిచిపోండి. నికర బరువును స్టిక్కర్‌తో దిద్దడానికి 2011 ప్యాకేజీ సరుకుల నిబంధనలు ఒప్పుకోవు. తూనికలు కొలతల అధికారులకు దొరికితే కేసు మీ మీద. పైగా వంద పౌచ్‌లు వాడితే చాలు, ‘సరుకు పనికొచ్చింది కదా’ అంటాడు.

ఈ వారమే 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పౌచ్‌లు వెనక్కి తీసుకెళ్లి డబ్బు ఇమ్మని రాయండి. పలకకపోతే వరంగల్ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు. ‘ఆమె వ్యాపారి, వినియోగదారు కాదు’ అని అతను అడ్డుపడతాడు. మీరూ మీ అత్తా స్వయంగా చేసుకునే జీవనోపాధి అని ఫిర్యాదులోనే రాయండి, లేకుంటే మొదటి వాయిదాలోనే చిక్కు. వాట్సాప్ చాట్‌కు భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఆ చాట్ మీ ఫోన్‌లోదేనని ధ్రువీకరించే పత్రం, జతచేయాలి. అందాకా దసరా ఆఫర్లలో ఆ ఫోన్ మార్చకండి, అటక మీది పౌచ్‌లు ఒక్కటీ పారేయకండి.