మా కాక ఎర్రావును ఎవరెవరు తిన్నారంటే

"ఒకే అడవిలో పెద్దపులి, చిరుత, రేచుకుక్కలు (అడవికుక్కలు) ఉంటే తిండి ఎలా పంచుకుంటాయి? అడవి మారిపోతే ఏం చేస్తాయి?" అని అడిగారు.

పంచుకుంటాయని మీకెవరు చెప్పారండీ? అన్నదమ్ములే గెట్టు దగ్గర పంచుకోలేక కొట్టుకుంటున్నారు. మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, రాజురా వైపు. బాపు బొగ్గుగనిలో పనికని మంచిర్యాల నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను చూసింది చెబుతాను.

ఆరేడేళ్ల కిందట, డిసెంబర్ చలిలో, మా కాక వాళ్ల ఎర్ర ఆవు మేతకు పోయి తిరిగి రాలేదు. పొద్దున వెతికితే గని మట్టికుప్పల కింద వాగులో దొరికింది. గొంతు మీద కోరల గాట్లు, వెనక తొడలు ఖాళీ. "చిరుతది కాదురా, పెద్దదాని పనే" అన్నాడు కాక. చిరుతైతే పొట్ట వైపు నుంచి మొదలుపెడుతుందట.

నష్టపరిహారం కావాలంటే పంచనామా అయ్యేదాకా కళేబరం కదపొద్దన్నారు అటవీశాఖ వాళ్లు. వాళ్లొచ్చింది మూడో రోజు. అందాక నేనూ కాకా పగలంతా మట్టికుప్ప మీద కాపలా. మొదటి రోజు కాకులు, ఓ నక్కల జంట. ఒకటి లాగుతుంటే ఇంకోటి తుమ్మపొదల వైపే చూస్తూ నిలబడేది. రాత్రి పులి మళ్లీ వచ్చి తినిపోయింది, తెల్లారి ఇసుకలో అడుగులు కనబడ్డాయి. రెండో రోజు తొమ్మిదింటికి ఈలలు వినిపించాయి. ఎవరో పిల్లలనుకున్నా. ఏడు రేచుకుక్కలు! వాసన చూశాయి, వాగు చుట్టూ ఓసారి తిరిగాయి, ముక్క ముట్టకుండా వెళ్లిపోయాయి. పెద్దపులి పక్కనే పడుకుని ఉందని వాటికి తెలిసింది, మాకు తెలియలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి.

మరి చిరుత? ఆ వారంలోనే మా బస్తీలో రెండు కుక్కలు మాయమయ్యాయి. అంతకుముందు ఆ మట్టికుప్పల మీద ఉండేది చిరుతే. పెద్దది రాగానే అది మా సందులోకి మారింది, నన్నడిగితే అంతే.

కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్, మెల్విన్ సన్‌క్విస్ట్ అనే శాస్త్రవేత్తలు లెక్కలు తీసి 1995లో ప్రచురించారు. పులి చంపే జంతువు సగటు బరువు 91.5 కిలోలు, చిరుతకు 37.6, రేచుకుక్కలకు 43.4. అంటే పెద్దదానికి కణుజు (సాంబర్ జింక), అడవిదున్న. మిగతావాటికి దుప్పి లాంటివి. పైగా రేచుకుక్కలు పగటిపూట వేటాడతాయి. అక్కడ అన్ని రకాల జంతువులూ ఉన్నాయి కాబట్టి అలా సాగింది. మా మట్టికుప్పల మీద కణుజు ఎక్కడిది? సర్కారు తుమ్మ, అడవిపందులు, మా పశువులు, ఊరకుక్కలు, అంతే. అన్నిటి కన్నూ వాటి మీదే. మహారాష్ట్రలో 2014లో 190 ఉన్న పులులు 2022 లెక్కకు 444 అయ్యాయి. సంతోషమే, కానీ గనులూ రోడ్లూ పోగా వాటికి చోటేది?

మాంసం కొట్ల వాళ్లు వ్యర్థాలన్నీ తెచ్చి వాగు గట్టున పోస్తారు. దానికి కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. అప్పుడు "చిరుత ఊళ్లోకి చొరబడింది" అని వాట్సాప్‌లో వీడియోలు! దాన్ని పిలిచి విస్తరి వేసిందే మనం. సఫారీ జీపుల్లో కెమెరాలు పట్టుకొచ్చే వాళ్లకు ఈ గట్టు కనబడదు.

ఇంతకీ ఎర్రావు సంగతి. రెండో రాత్రి దుమ్ములగొండి (హైనా) వచ్చినట్టుంది. పొద్దున చూస్తే తల లేదు, నడుం ఎముకలు లేవు, ఓ కాలూ కొంచెం తోలూ మిగిలాయి. ఆ మధ్యాహ్నమే పంచనామాకు వచ్చినాయన అటూ ఇటూ చూసి, చెవి బిళ్ల నంబర్ లేకుండా కాగితం రాయలేనన్నాడు. కాక తలపాగా విప్పి దులుపుకుని, "చెవి దుమ్ములగొండి కడుపులో ఉంది సారూ, నంబర్ అడిగి రమ్మంటారా?" అన్నాడు.

డబ్బులు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది.