తాబేలు మేసే పచ్చికకు తెగులు వస్తే

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

తాబేలు మేసే మీ పెరటి పచ్చిక ఫోటోలు చూశాను. హ్యూస్టన్‌లో అక్టోబరు వానల తర్వాత సెయింట్ అగస్టీన్ గడ్డిలో గుండ్రంగా పసుపు మచ్చలు పడితే అది చాలావరకు బ్రౌన్ ప్యాచ్ అనే తెగులే. మచ్చ అంచున ఒక ఆకు పట్టి లాగి చూడు. మొదలు కుళ్లి సులువుగా ఊడివస్తే అనుమానం అక్కర్లేదు. మన వరికి పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా అనే శిలీంధ్రమే ఇక్కడా కారణం.

అందుకే అల్లుడికి వెంటనే మందు కొట్టాలనిపించి ఉంటుంది. వద్దమ్మా. వరికి మందు కొట్టాక కోతకు గడువిస్తాం, పొట్టు తీసి తింటాం. నీ సుల్కాటా తాబేలు మాత్రం ఆ గడ్డిని అప్పటికప్పుడు, పచ్చిగా, రోజంతా మేస్తుంది. అజాక్సీస్ట్రోబిన్, ప్రోపికొనజోల్ వంటి తెగులు మందులు ఆకు లోపలికి ఇంకిపోతాయి, నీళ్లు పెట్టి కడిగినా పోవు. తడి ఆరాక పెంపుడు జంతువులు తిరగవచ్చని డబ్బా మీద ఉన్నది నడవడం గురించి. మేత సంగతి వేరు. మందు చల్లిన చోట పశువులను మేపవద్దని, కోసిన గడ్డి వాటికి పెట్టవద్దని చాలా లేబుళ్ల మీద విడిగా రాసి ఉంటుంది, వెతికి చదువు. గుళికల మందైతే గడ్డితోపాటు నేరుగా నోట్లోకే వెళ్తాయి.

పైగా ఏ మందూ పసుపెక్కిన ఆకును మళ్లీ పచ్చగా చేయదు. ఈ తెగులు సాధారణంగా నేల మీద పాకే గడ్డి తీగను చంపదు కాబట్టి వసంతంలో కొత్త ఆకు వస్తుంది. అంతవరకు ఓపిక పట్టు.

నీ చేతిలో ఉన్నది నీళ్లు. స్ప్రింక్లర్‌ను సాయంత్రం నుంచి తెల్లవారుజాముకు మార్చు. ఎండ రాగానే ఆకు ఆరిపోవాలి. రోజూ కొంచెం కాకుండా, నేల ఎండాకే బాగా తడుపు. శీతాకాలం ముందు నత్రజని ఎరువు పూర్తిగా మానెయ్యి. యూరియా ఎక్కువైతే తెగులు పెరుగుతుందని మన రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు! గడ్డి ఆరి ఉన్నప్పుడే మూడు అంగుళాల ఎత్తున కోయించు. బేకింగ్ సోడా వంటి ఇంటి చిట్కాల జోలికి పోవద్దు, అందులోని సోడియం నేలను పాడుచేస్తుంది.

నాకు తెగులు కంటే పుట్టగొడుగులంటేనే ఎక్కువ భయం. వానల తర్వాత టెక్సస్ పచ్చికల్లో వచ్చే పెద్ద తెల్ల గొడుగులలో ఒక రకం మనుషులకే వాంతులు తెప్పిస్తుంది. తాబేళ్లు పుట్టగొడుగులను ఇష్టంగా తింటాయి. రోజూ ఉదయం తాబేలును వదిలే ముందు పుట్టగొడుగులన్నీ పీకి, సంచిలో కట్టి పారెయ్యి.

గడ్డి కోసే కంపెనీవాళ్లకు పెరట్లో ఏదీ చల్లవద్దని రాతపూర్వకంగా చెప్పు. కలుపు మందు కలిపిన ఎరువులకూ ఇదే మాట. ఇప్పటికే ఏదైనా చల్లి ఉంటే తాబేలును వెంటనే కంచె వేసి వేరుగా ఉంచు. అది అక్కడ మేసిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, లేబుల్ ఫోటో తీసుకుని సరీసృపాలను చూసే పశువైద్యుడికి ఫోన్ చెయ్యి.

అలా వేరుగా ఉంచిన రోజుల్లో మేతకు ఇబ్బంది లేదు. టిమోతీ ఎండుగడ్డి, మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకులు, ముళ్లు తీసిన నాగజెముడు పెట్టు. మందార కొమ్మలు మా పెరట్లో బోలెడున్నాయి, వాటికి ఏ మందూ కొట్టలేదు. శనివారం అల్లుణ్ణి పంపు.

మీ పెద్దమ్మ