క్యాప్సూల్స్ తర్వాత.. ఆ రాత్రి గోలీ ఎందుకు ఆపారు?

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు, పత్తి, మిర్చి సాగు చేస్తారు. రెండు నెలల కింద గుండెపోటు వస్తే వరంగల్‌లో స్టెంట్ వేశారు. ఇప్పుడు సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) 6 వచ్చింది. ఆక్సిడేటివ్ స్ట్రెస్, ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) తగ్గడానికి విటమిన్-ఇ, కోక్యూ10 క్యాప్సూల్స్ వాడొచ్చా? ఆయాసం వస్తోందని, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన టికాగ్రెలార్ గోలీ పొద్దున ఒక్కటే ఇస్తున్నాం. మోకాళ్ల నొప్పికి ఊళ్లో డైక్లోఫెనాక్ సూది వేయిస్తున్నాం.
- ఓ పాఠకుడు, పరకాల

జవాబు: మీరు అడిగినదానికన్నా చివర్లో రాసిన రెండు ముక్కలే కంగారు పెడుతున్నాయి.

టికాగ్రెలార్ 90 మి.గ్రా. రోజుకు రెండుసార్లు రాసేది ఊరికే కాదు. దాని పనితనం 12 గంటల తర్వాత సన్నగిల్లుతుంది. రాత్రి మాత్ర మానేస్తే తెల్లవారే దాకా స్టెంటుకు సరైన కాపలా ఉండదు. రెండు నెలల స్టెంటు ఇంకా పచ్చిదే. అక్కడ రక్తం గడ్డకడితే నాళం ఒక్కసారిగా మూసుకుపోతుంది. గుండెపోటు తర్వాత ఆస్పిరిన్‌తో పాటు ఈ రెండో మందు సాధారణంగా 12 నెలలు వాడాలి. తగ్గించాలన్నా, మార్చాలన్నా స్టెంట్ వేసిన డాక్టరే చెప్పాలి. ఇవాళే ఫోన్ చేయండి, వచ్చే చెకప్ దాకా ఆగొద్దు.

ఈ మందుతో ఆయాసం రావడం నిజమే. ఊరికే కూర్చున్నప్పుడు కూడా కాసేపు వచ్చి, దానంతటదే పోతుంది. కానీ వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతోందా? రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటున్నారా? పాదాలు వాచాయా? మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగారా? అయితే గుండె పంపింగ్ తగ్గిందేమో చూడాలి, ఎకో (గుండె స్కాన్) తీయించాలి. మందే కారణమని తేలితే క్లోపిడోగ్రెల్‌కు మార్చే వీలుంది. దానికీ మొదటి మోతాదు లెక్క వేరే ఉంటుంది, మెడికల్ షాపులో అడిగి మార్చుకునేది కాదు.

ఇక ఆ సూది. గుండెపోటు వచ్చినవాళ్లకు డైక్లోఫెనాక్ కొద్ది రోజులు వాడినా మంచిది కాదు. రక్తం పలుచన చేసే రెండు మందుల మీద ఇది కూడా పడితే కడుపులో రక్తస్రావం కావచ్చు, మళ్లీ గుండెపోటు ముప్పూ పెరుగుతుంది. పైగా ఒంట్లో ఉప్పు, నీరు నిలిపేస్తుంది. మీరు గోలీ మీద నెట్టేసిన ఆయాసం ఈ సూదిదే కావచ్చు! ఐబుప్రొఫెన్ కూడా వద్దు, అది ఆస్పిరిన్ పనికి అడ్డం పడుతుంది. సూదిలో స్టెరాయిడ్ కలుపుతున్నారేమో కాగితం మీద రాయించుకోండి. లివర్ బాగుంటే నొప్పికి పారాసిటమాల్ 650 మి.గ్రా., ఆరేడు గంటల ఎడంతో, రోజుకు మూడుకు మించకుండా వాడవచ్చు. సూది అలవాటైనవాళ్లకు ఇది చప్పగానే అనిపిస్తుంది, తెలుసు.

క్యాప్సూల్స్ సంగతి. మూసుకున్న నాళం తెరిచి రక్తం తిరిగి పారినప్పుడు ఫ్రీ రాడికల్స్ (ఆక్సిడేటివ్ స్ట్రెస్ తెచ్చే అణువులు) ఒక్కసారిగా పుట్టి కండరాన్ని దెబ్బతీస్తాయి. ఆ పోటు ఎక్కువగా మొదటి నిమిషాల్లో, గంటల్లోనే. తర్వాత వచ్చే ఇన్‌ఫ్లమేషన్ కొంతవరకు గాయాన్ని మాన్పే పనే. రెండు నెలలకు మచ్చ గట్టిపడుతుంది. ఇప్పుడు క్యాప్సూల్ వేసి ఆర్పడానికి అక్కడ మంట లేదు. విటమిన్-ఇని 1999, 2000, 2002లో వచ్చిన పెద్ద అధ్యయనాల్లో వేలమందికి ఇచ్చి చూశారు, గుండెకు చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. కోక్యూ10 కూడా స్టెంటును కాపాడే మందేం కాదు. కూరలో పసుపు వేసుకోండి, కర్క్యుమిన్ గుళికలు వద్దు, రక్తస్రావం పెరగొచ్చు. ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు ఆయన చీటీలో ఇప్పటికే ఉండాలి, రాత్రి వేసుకునే స్టాటిన్ (కొలెస్ట్రాల్ గోలీ). అది కూడా ఆపలేదు కదా? ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 55 లోపు ఉండాలి. బీడీ, అంబర్ ఉంటే పూర్తిగా మానాలి. కొందరికి వాపు తగ్గించే కాల్చిసిన్ మందు తక్కువ మోతాదులో ఇస్తారు, అధ్యయనాల ఫలితాలు ఒకేలా లేవు, అది కార్డియాలజిస్టు ఇష్టం.

సీఆర్‌పీ 6కి చిగుళ్ల వాపో, మోకాళ్ల నొప్పో, దగ్గో కారణం కావచ్చు. జ్వరం, జలుబు లేనప్పుడు రెండు వారాల తర్వాత హెచ్‌ఎస్-సీఆర్‌పీ (మరింత సూక్ష్మంగా చూసే సీఆర్‌పీ పరీక్ష) చేయించి డాక్టరుకు చూపండి. ఈలోగా ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేయి లాగడం, కూర్చున్నా తగ్గని ఆయాసం ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి, ముందు ఊళ్లో సూది వేయించి చూద్దామనుకోవద్దు.