కొత్త కుక్కపిల్ల రాత్రంతా క్రేట్‌లో ఏడుస్తోంది, ఏడవనివ్వాలా?

మీరు రాసింది చదువుతుంటే నా మొదటి వారమే గుర్తొచ్చిందండి. 9 వారాల పిల్ల, ఇంటికొచ్చి మూడు రాత్రులు, క్రేట్ (అది పడుకునే కమ్మీల పెట్టె) హాల్లో, మీరు బెడ్‌రూమ్‌లో, తలుపు వేయగానే ఏడుపు. బయటికి తీస్తే అదే అలవాటైపోతుందేమోనని భయం, తీయకపోతే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. "రెండు రోజులు ఏడవనివ్వండి, అదే మానేస్తుంది" అని ఎవరో చెప్పారని కూడా రాశారు. ఆ సలహా నేనూ విన్నాను, పాటించాను కూడా. అందుకే ముందు ఆ సంగతే చెప్తాను.

మా బంటిగాడు 8 వారాలప్పుడు వచ్చాడు. మొదటి రాత్రి నలభై నిమిషాలు ఏడ్చి పడుకున్నాడు. హమ్మయ్య, దారికొచ్చాడు అనుకున్నా. రెండో రాత్రి గంట దాటినా ఆపలేదు, గొంతు బొంగురుపోయింది. మధ్యలో ఒకచోట ఏడుపు మారింది. అప్పటిదాకా సాగదీసి కుయ్యిమంటున్నవాడు ఉన్నట్టుండి తెంపులు తెంపులుగా కీచుమని అరవడం, గుండ్రంగా తిరగడం, ట్రే మీద గోళ్ల చప్పుడు. నేను దిండు చెవులకి అడ్డం పెట్టుకుని పడుకున్నా. తెల్లారి చూస్తే ఒక మూల దొడ్డికి వెళ్లి ఉన్నాడు. అది అంటకుండా అవతలి మూలకి ఒదిగిపోయి, కమ్మీలకి ముక్కు ఆనించి కూర్చున్నాడు. కమ్మీ ఆనిన చోట వెంట్రుకలు గీతలా అణిగిపోయి ఉన్నాయి. పాపం వాడు గంటసేపు నన్ను పిలిచింది దానికే. ఆ తర్వాత రెండు రోజులు పగలు కూడా క్రేట్ ఉన్న వైపు రాలేదు. నేను నేర్పాలనుకున్నదానికి సరిగ్గా ఉల్టా నేర్చుకున్నాడు.

ఇక్కడ నాకు ఆలస్యంగా వెలిగిన విషయం ఏంటంటే, ఈ వయసు పిల్లకి బాధ క్రేట్ వల్ల కాదు, ఒంటరిగా ఉండటం వల్ల. మొన్నటిదాకా అమ్మ పొట్ట దగ్గర, తోడబుట్టినవాళ్ల మీద పడి నిద్రపోయింది. ఒక్క రోజులో వాసన మారింది, చప్పుళ్లు మారాయి, పక్కన ఆనుకోవడానికి ఎవరూ లేరు. అలాంటప్పుడు ఏడవడం మొండితనం కాదు, అమ్మని పిలిచే పద్ధతి అదే దానికి.

కాబట్టి ఈ రాత్రికే క్రేట్‌ని మీ మంచం పక్కకి తెచ్చేయండి. మీరు పడుకుంటే మీ చెయ్యి క్రేట్‌కి అందాలి, దానికి మీ వాసన తగలాలి. మూడో రాత్రి నేను అదే చేశాను. బంటిగాడు కాసేపు కుయ్యిమన్నాడు, నేను కమ్మీల్లోంచి రెండు వేళ్లు లోపలికి పెట్టాను, నాకి, వాటి మీదే గడ్డం ఆనించి పడుకున్నాడు. నా చెయ్యి తిమ్మిరెక్కింది కానీ ఇల్లంతా నిద్రపోయింది.

"జన్మంతా పక్కనే ఉండాలా మరి?" అని అడుగుతారు, మా ఇంట్లోనూ అదే అడిగారు. అక్కర్లేదు. రెండు వారాలు ప్రశాంతంగా పడుకున్నాక మేము క్రేట్‌ని రెండు రాత్రులకోసారి రెండు మూడు అడుగులు జరుపుకుంటూ వెళ్లాం. ముందు గది గుమ్మం, తర్వాత గుమ్మం బయట, ఆఖరికి హాలు. ఒక చోట మళ్లీ ఏడిస్తే ఒక అడుగు వెనక్కి తెచ్చి రెండు రోజులు ఆగేవాళ్లం. మొత్తం మూడు వారాలు పట్టింది. కొందరు మంచం పక్కనే ఉంచేసుకుంటారు, అదీ తప్పేం కాదు.

ఇక అర్ధరాత్రి టాయిలెట్. నెలల వయసుకి ఒకటి కలిపితే సుమారుగా అన్ని గంటలు ఆపుకోగలదని ఒక మోటు లెక్క ఉంది. అంటే రెండు నెలల పిల్లకి మూడు గంటలు. గాఢనిద్రలో ఇంకాస్త ఎక్కువే ఆగొచ్చు. కాబట్టి 11 గంటలకి చివరిసారి బయటికి తీసుకెళ్తే 2 గంటలకి ఒకటి, 5 గంటలకి ఒకటి అలారం పెట్టుకోండి. అది లేచి ఏడ్చేదాకా ఆగకండి. మీరే ముందు లేస్తే, ఏడిస్తేనే తలుపు తెరుస్తారు అన్న లెక్క దానికి రాదు. రెండు మూడు రాత్రులు పొడిగా గడిస్తే అలారం పావుగంట ఆలస్యంగా మోగేలా జరపండి. అలా జరుపుకుంటూ పోవడమే. చాలా పిల్లలు నాలుగు నెలలకి అటూ ఇటూగా రాత్రంతా ఆగగలుగుతాయి, చిన్న జాతులకి ఇంకొంచెం టైమ్ పడుతుంది.

ఈ అర్ధరాత్రి ట్రిప్ మాత్రం వీలైనంత బోరుగా ఉండాలి. పెద్ద లైట్లు వద్దు, ముద్దు మాటలు వద్దు. లీష్ వేసి రోజూ ఒకే చోటికి తీసుకెళ్లి చెట్టులా నిలబడండి. పోసిందా, చిన్నగా ఒక్క "వెరీ గుడ్", మళ్లీ లోపలికి. నేను మొదట్లో జాలిపడి పది నిమిషాలు బాల్‌తో ఆడించాను. తర్వాత మూడు రాత్రులు సరిగ్గా అదే టైమ్‌కి లేచి, టాయిలెట్ లేకపోయినా బాల్ ఎక్కడ అన్నట్టు చూసేవాడు.

బయటికి తీసుకెళ్లి వచ్చాక కూడా కాసేపు సణిగితే కంగారు పడకండి. అవసరం తీరిందని మీకు తెలుసు కదా. ఆగి ఆగి వచ్చే సణుగుడు, మధ్యలో ఆవలింతలు, ఇవి నిద్రకి ముందు గొడవ, అంతే. వేళ్లు ఆనించి ఊరుకోండి. నిద్రలోంచి హఠాత్తుగా లేచి, తిరుగుతూ, నేల వాసన చూస్తూ ఏడిస్తే అది టాయిలెట్, వెంటనే తీయండి. చొంగ కారేంతగా రొప్పడం, కమ్మీలు కొరకడం, ముక్కు గీరుకుపోయేలా తోయడం కనిపిస్తే అది మొండి కాదు, భయం. అప్పుడు తలుపు వేయడం ఆపేయండి. కొన్నాళ్లు మంచం పక్కన చిన్న కంచె కట్టి అందులో పడుకోబెట్టి, క్రేట్‌ని పగటిపూట మొదటి నుంచి నేర్పండి. అరగంటకోసారి పోస్తున్నా, విరేచనాలు అవుతున్నా అది ట్రైనింగ్ విషయం కాదు, డాక్టర్‌కి చూపించాలి.

నిజానికి రాత్రి నిద్ర పగలే తయారవుతుంది. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ పిల్లకి క్రేట్ తలుపు మూసుకోవడం అనేది రాత్రి, చీకట్లో, మీరు వెళ్లిపోయే ముందు మాత్రమే జరుగుతోంది. ఎవరికైనా భయమేస్తుంది. పగలు తలుపు తీసి ఉంచి భోజనం అందులోనే పెట్టండి. మొదటిరోజు గిన్నె గుమ్మం దగ్గర, తర్వాత మధ్యలో, తర్వాత వెనక గోడ దగ్గర. తోక కూడా లోపలికి వెళ్లాక, తింటున్నంతసేపు తలుపు దగ్గరగా వేసి, గిన్నె ఖాళీ అయ్యేలోపే తీసేయండి. అది అడగకముందే తీయడం ముఖ్యం. తర్వాత ఒక నిమిషం, మూడు నిమిషాలు, మీరు గదిలోనే అటూ ఇటూ తిరుగుతుండగా. బంటిగాడి పరుపు కింద నేను వాడు చూడనప్పుడు ట్రీట్లు దాచేవాణ్ణి. రెండు రోజుల్లో గంటకోసారి తనే వెళ్లి సోదా చేసి వచ్చేవాడు. రెండు రోజులు ఆ దరిదాపులకే రానివాడు!

పగటి కునుకులు కూడా అందులోనే వేయించండి. ఈ వయసులో రోజుకి 18 నుంచి 20 గంటలు నిద్రపోతాయి. మనం ముద్దు చేస్తూ పడుకోనివ్వకపోతే సాయంత్రానికి పిచ్చెక్కినట్టు పరుగులు, కాళ్లు కొరకడం. అది హుషారు కాదు, నిద్ర చాలకపోవడం. అలా అలసిపోయిన పిల్ల రాత్రి సరిగ్గా పడుకోదు. కళ్లు మూతలు పడుతున్నప్పుడు ఎత్తి క్రేట్‌లో పెట్టేయండి, చాలు. తప్పు చేసిందని మాత్రం ఎప్పుడూ అందులో పెట్టకండి. మా ఇంట్లో ఒకరు చెప్పు కొరికాడని పెట్టారు, మళ్లీ ట్రీట్ల సోదా మొదలవడానికి నాలుగు రోజులు పట్టింది.

చిన్న చిన్నవి: రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందే అయిపోవాలి. నీళ్లు పగలంతా ఆపొద్దు. చివరి గంటలో గిన్నె తీసేయొచ్చు కానీ ఉక్కగా ఉంటే అదీ వద్దు. లోపల మెడ బెల్ట్ తీసేయండి, కమ్మీలకి చిక్కుకుంటే ప్రమాదం. మీరు ఒకరోజు వేసుకున్న టీషర్ట్ ఉతక్కుండా అందులో వేయండి, బట్టలు చింపి మింగే రకమైతే వద్దు. దుప్పటి కప్పితే గాలి ఆడేలా ఒక వైపు వదలండి. మా వాడు కప్పిన దుప్పటిని లోపలికి లాగేసుకుని దాని మీదే పడుకునేవాడు, రెండో రోజే ఆ ప్రయత్నం మానేశాం.

ఇంతకీ మీ క్రేట్ సైజు రాయలేదు. పెద్దయ్యాక కూడా సరిపోవాలని పెద్దది కొని ఉంటే, మధ్యలో అడ్డు పెట్టి స్థలం తగ్గించండి. నిలబడి, తిరిగి, కాళ్లు చాపుకుని పడుకునేంత ఉంటే చాలు. అంతకన్నా పెద్దదైతే ఒక మూల టాయిలెట్, ఒక మూల పడక చేసేసుకుంటుంది. నేను బంటిగాడికి చేసిన మొదటి తప్పు బహుశా అదే, వాడికి ఆ అవతలి మూల ఉండటమే. ఎంత పొడవుందో, ఇప్పుడు మీ పిల్ల ఎంతుందో రాస్తే అడ్డు ఎక్కడ పెట్టాలో చెప్తాను.