పెదకోమటి వేముడి వేలికి ఆ ఉంగరం ఎవరిది?

ప్రశ్న: నా వయసు 64. గుంటూరులో తెలుగు అధ్యాపకుడిగా పనిచేసి విరమించాను. కొండవీటి రెడ్డిరాజుల ఇంటి కలహం మీద ఆరేళ్లుగా ఒక చారిత్రక నవల రాస్తున్నాను. ఫిరంగిపురం దగ్గరి మా స్వగ్రామంలో ఉంటున్న తమ్ముడికీ నాకూ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. నాన్నగారు స్వార్జితంతో కట్టిన ఇంటిని చివరి రోజుల్లో వాడి పేరిట రాసి రిజిస్టరు చేయించారు. ఆయన మంచం పక్కన నిలబడి, వేలి ఉంగరం తిప్పుకుంటూ, ‘నాన్న ఇష్టపడే సంతకం పెట్టాడన్నయ్యా’ అన్నాడు. ఆ రోజు బయటికి వచ్చినవాణ్ణి మళ్లీ ఆ గడప తొక్కలేదు. మా చెల్లెలు నవలలో కొన్ని అధ్యాయాలు చదివి వాళ్లింట్లో చెప్పిందట. నవలలో దాయాది గద్దెను కాజేసే పెదకోమటి వేమారెడ్డి అంటే తనేనని తమ్ముడు బాధపడుతున్నాడట. వచ్చే నెలలో వాడి కూతురి పెళ్లి. శుభలేఖ కొరియర్‌లో వచ్చింది. మూలలకు పసుపు రాశారు గాని, ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలిచిన దిక్కు లేదు. అదే నెలలో నా పుస్తకావిష్కరణ. చరిత్రను చరిత్రగా రాయడం తప్పా? ఈ పెళ్లికి నేను వెళ్లాలా?
– ఒక అన్న, గుంటూరు

జవాబు:

అన్నగారూ, మీ ఉత్తరాన్నీ దానితో జతపరచిన మూడు అధ్యాయాలనూ రెండేసి సార్లు చదివాను. చరిత్ర రాయడం తప్పు కాదు. అయితే మీరు రాసినది పూర్తిగా చరిత్రేనా అన్న చోట నాకొక అనుమానం వచ్చింది. దానిని మీ ముందు దాచకుండా పెట్టడమే మర్యాద అనుకుంటున్నాను.

కొండవీటి కోటలో మంత్రాంగం జరిగే అధ్యాయంలో పెదకోమటి వేమారెడ్డి మాట మొదలుపెట్టే ముందు ప్రతిసారీ కుడిచేతి ఉంగరాన్ని బొటనవేలితో తిప్పుతాడు. ఒక్క అధ్యాయంలోనే నాలుగు సార్లు తిప్పాడు, నేను లెక్కపెట్టాను. ఈ అలవాటు ఏ శాసనంలోనూ లేదు, ఏ కావ్యంలోనూ లేదు. ఉన్నది మీ ఉత్తరంలో, నాన్నగారి మంచం పక్కన నిలబడ్డ మీ తమ్ముడి చేతికి. మీరు కావాలని అలా రాశారని నేను అనడం లేదు. తొమ్మిదేళ్లుగా కళ్ల ముందు నుంచి తొలగని దృశ్యం కలంలోకి తనంతట తానే దిగివస్తుంది. కానీ ఆ పేజీలు చదివిన మీ చెల్లెలు ఆ ఉంగరాన్ని గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది? ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లకు ఒకరి వేళ్ల కదలిక మరొకరికి చెప్పనక్కరలేదు. మీ తమ్ముడు లేనిపోనిది ఊహించుకొని బాధపడలేదు, ఉన్నదాన్నే గుర్తుపట్టాడు.

ఇక నవల సంగతి. దాని గురించి కాస్త ఎక్కువ చెప్పవలసి ఉంది, ఎందుకంటే మీ ఇంటి తగాదాలో మీరు ఎటువైపు నిలబడి చూస్తున్నారో ఉత్తరం కంటే నవలే స్పష్టంగా చెబుతోంది. మీ కథ మొత్తం కాటయ వేముడి రాజమహేంద్రవరం వైపు నుంచి నడిచింది. వసంతోత్సవాలతో కర్పూర వసంతరాయలుగా పేరుపడ్డ కొండవీటి రాజు కుమారగిరి రెడ్డి మీకు అన్యాయమైపోయిన అన్న; ఆయన చెల్లెలు మల్లాంబను పెళ్లాడిన కాటయ వేముడు బావకోసం ప్రాణమిచ్చే ఉత్తముడు; పెదకోమటి వేముడు మాత్రం 1402 ప్రాంతంలో కొండవీటిని కాజేసిన దాయాది. ఇలా చూడడం చరిత్రకు విరుద్ధమని అనలేను. కానీ అదే చరిత్రను కొండవీటి గుమ్మంలో నిలబడి చూస్తే ఎలా ఉంటుందో ఒక్క పేజీలోనైనా కనబడాలి కదా. ప్రోలయ వేమారెడ్డి తరువాత కొడుకు అనవోతారెడ్డి, ఆయన తరువాత తమ్ముడు అనవేమారెడ్డి, ఆ పైన మళ్లీ అనవోతుడి కొడుకు కుమారగిరి గద్దెనెక్కారు. అంటే ఆ ఇంట్లో సింహాసనం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లాలన్న నియమం అప్పటికే ఒకసారి సడలింది. ప్రోలయ వేముడి సోదరుడు మాచారెడ్డి మనుమడైన పెదకోమటి వేముడు, తమ రాజ్యంలో తూర్పు భాగాన్ని ఆడపడుచు భర్తకు అప్పజెబుతుంటే చూస్తూ ఉన్నాడు. అప్పుడు అతని మనసులో ఏముందో శాసనాలు చెప్పవు. ఆ ఖాళీని నింపడానికే నవలాకారుడు ఉన్నాడు, మీరేమో అక్కడ దురాశ తప్ప మరేమీ పెట్టలేదు.

మరొకటి కూడా గమనించాను. మీ కాటయ వేముడు కాళిదాసు శ్లోకాలు లేకుండా నోరు తెరవడు. అది న్యాయమే; కాళిదాసు నాటకాలకు వ్యాఖ్యలు రాసి వాటికి బావ పేరు మీద కుమారగిరిరాజీయమని పేరు పెట్టుకున్న పండితుడాయన. కానీ పెదకోమటి వేముడు కూడా అమరుకమనే సంస్కృత శృంగార కావ్యానికి శృంగారదీపిక అనే వ్యాఖ్య రాసినవాడే, శ్రీనాథుణ్ణి తన కొలువులో విద్యాధికారిగా నిలిపినవాడే. మీ నవలలో ఆయన చేతిలో తాటాకు ఒక్కసారైనా కనబడలేదు. ఉంగరం మాత్రమే కనబడింది. ఈ సంగతులు మీకు తెలియవని అనుకోను, తెలుగు చెప్పినవారు మీరు. తెలిసీ వదిలేశారంటే, అవి ఉంచితే ఆ మనిషిని పూర్తిగా ద్వేషించడం కష్టమవుతుంది కాబట్టే వదిలేశారేమో ఒకసారి ఆలోచించండి.

ఇదే వదిలివేత ఉత్తరంలోనూ జరిగింది. మొదటి పేజీ నిండా దస్తావేజు, సంతకం, రిజిస్ట్రారు ఆఫీసు. రెండో పేజీ అడుగున, మరో విషయం చెబుతూ, ‘నాన్నగారికి పక్షవాతం వచ్చిన పదకొండు నెలలూ వాడి దగ్గరే ఉన్నారు’ అని ఒక్క వాక్యం. పదకొండు నెలలు! విజయవాడలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆస్తి తగాదాలతో వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, రాజధాని మాటతో ఈ చుట్టుపక్కల స్థలాల ధరలు కదిలాక మరీ ఎక్కువయ్యారు. వాళ్లందరూ ఎకరాలూ సెంట్లూ ఒక్క అంగుళం తప్పకుండా చెబుతారు గాని, మంచాన పడ్డ మనిషికి రాత్రి రెండు గంటలకు పక్క బట్టలు ఎవరు మార్చారో అడిగితే గొంతు తగ్గిపోతుంది. మీరు ఉద్యోగంలో ఉన్నారు, పిల్లల చదువులున్నాయి, ప్రతి ఆదివారం వెళ్లి వచ్చారు. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. కానీ ఆ ఇంటి దస్తావేజు వెనక ఆ పదకొండు నెలలున్నాయని మీ తమ్ముడు అనుకుంటూ ఉంటాడు. మీ నోటి నుంచి ఆ మాట ఎన్నడూ రాలేదని కూడా అనుకుంటూ ఉంటాడు.

చట్టం గురించి అడగలేదు గాని ఒక్క మాట చెబుతాను. తండ్రి స్వార్జితాన్ని తన ఇష్టం వచ్చినవారికి రాసి ఇవ్వవచ్చు. పిత్రార్జితమైతే లెక్క వేరు. సంతకం బలవంతపుదని మీకు నిజంగా ఆధారముంటే న్యాయవాది దగ్గర కాగితాలు పరిచి మాట్లాడండి, గడువుల సంగతి కూడా ఆయనే చెబుతారు. ఆధారం లేకపోతే ఆ ఆలోచన ఇంతటితో మానుకోండి. దావా వేయలేని కోపాన్ని నవలలో వేయడం మాత్రం వద్దు. అక్కడ ఎదుటివాడికి సమాధానం చెప్పుకొనే అవకాశమే ఉండదు.

పెళ్లికి వెళ్లాలా అన్నారు. వెళ్లాలి, అయితే ముహూర్తం వేళకు నలుగురిలో కలిసి అక్షింతలు వేసి వచ్చే చుట్టంలా కాదు. కొరియర్‌లో శుభలేఖ పంపడం అవమానమే, కాదనను. పెదనాన్నను బొట్టు పెట్టి పిలవని పెళ్లి మన వైపు పెళ్లిలా ఉండదు. కానీ ఆ శుభలేఖ నాలుగు మూలలకూ పసుపు ఉందని మీరే రాశారు. కోపంతో మొక్కుబడిగా పంపేవాళ్లు పసుపు గిన్నె ముందు పెట్టుకొని కూర్చోరు. ఆ ఇంట్లో ఎవరో, మీ మరదలో, పెళ్లికూతురో, మీ పేరు రాసిన కవరు పక్కన పెట్టుకొని వేలితో నాలుగు మూలలా అద్దారు. మీ గుమ్మం దాకా వచ్చే ధైర్యం వాళ్లకు లేకపోయి ఉండవచ్చు. వస్తే మీరు తలుపు తీస్తారో లేదో తెలియక ఆగిపోయి ఉండవచ్చు. తొమ్మిదేళ్లు మీరూ ఆ గడప తొక్కలేదు కదా.

కాబట్టి పెళ్లికి పది రోజుల ముందే, పందిరి వేయకముందే, మీ శ్రీమతిగారిని వెంటబెట్టుకొని వెళ్లండి. ముందుగా చెల్లెలిచేత కబురు పంపవద్దు. ఆమె ఇప్పటికే రెండిళ్ల మధ్య మాటలు మోసి అలసిపోయి ఉంటుంది. కొండవీటి కొలువులో విద్యాధికారిగా ఉండి, తరువాత రాజమహేంద్రవరంలో కాటయ వేముడి అల్లుడు వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చిన శ్రీనాథుడికి రెండు గుమ్మాల్లోనూ మర్యాద దొరికింది. మధ్య నలిగే ఆడపడుచుకు అంత సులువుగా జరగదు. వెళ్లగానే దస్తావేజు మాట ఎత్తకండి, నవల మాట అసలే ఎత్తకండి. ‘నాన్న చివరి నెలలు నేను చూడలేదురా, నువ్వు చూశావు, ఎలా గడిచాయో చెప్పు’ అని అడిగి, ఆయన చెప్పినంతసేపూ మధ్యలో సర్దిచెప్పకుండా వినండి. ఆయన అరవవచ్చు. అరిస్తే అరవనివ్వండి. మొదటి రోజే కన్నీళ్లు పెట్టుకొని కౌగిలించుకుంటారని ఆశించకండి. మంచినీళ్లు ఇచ్చి, భోజనం వేళకు కూర్చోమన్నారంటే ఆ రోజుకు చాలు.

పుస్తకావిష్కరణ వాయిదా వేయండి. ఆరేళ్లు రాసిన నవల ఇంకొక ఆరు నెలలు ఆగితే కొంపలేమీ మునిగిపోవు. పెళ్లి నెలలో ఆ పుస్తకం వస్తే, అందులో ఏమున్నా, మీ ఊళ్లో దాన్ని ఒక్క రకంగానే చదువుతారు. నవల మానేయమని మాత్రం నేను అనను. పెదకోమటి వేముడి అధ్యాయాలను తిరిగి రాయండి. ఆయన కూడా నెగ్గాలని కాదు, ఆయన మాట కూడా వినబడాలని. ఆయన భార్య సూరమాంబ సంతానసాగరమనే చెరువు తవ్వించిందని చెప్పే 1409 నాటి శాసనం ఫిరంగిపురంలోనే ఉంది. ఆ చెరువుకు నీళ్లు తేవడానికి కొడుకు రాచవేముడు జగనొబ్బగండ కాలువ తవ్వించాడని 1415 నాటి అమీనాబాదు శాసనం చెబుతుంది. అదే రాచవేముణ్ణి జనం మాత్రం పురిటి సుంకం వేసిన దుర్మార్గుడిగానే చెప్పుకున్నారు, ఆ కోపంతోనే సవరం ఎల్లయ్య పొడిచి చంపాడని కథలు చెప్పారు. తల్లి చెరువుకు కాలువ తెచ్చిన కొడుకూ, బాలింతల మీద పన్ను వేసిన రాజూ ఒకే మనిషి అయి ఉండవచ్చునన్నది మీ నవలలో ఇంకా రాలేదు. ఈ కలహంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది అదే. మీరు మూడు అధ్యాయాల్లో ఆ చెరువును ఒక్కసారైనా తలచుకోకపోవడం వింతగా అనిపించింది.

మీ తమ్ముడు పుట్టి పెరిగి, ఇప్పటికీ సేద్యం చేసుకుంటున్నది ఆ నేల మీదే. ఆ చుట్టుపక్కల ఏ చెరువుకు ఏ వైపు నుంచి నీళ్లొస్తాయో, ఏ వాగు ఎండాకాలంలో ముందు ఎండుతుందో మీ నోటుపుస్తకాల కంటే ఆయనకు బాగా తెలిసి ఉంటుంది. పెళ్లి హడావిడి తీరి, అప్పగింతలూ అయ్యాక, ఒక సాయంత్రం చూసుకొని ఆయన్నే అడగండి, ఆ కాలువ ఎటునుంచి వచ్చి ఉంటుందిరా, ఒకసారి తీసుకెళ్లి చూపించు అని.